కాల్పులు చివర్లో మాత్రమే ఉన్న యుద్ధ సినిమా: మధ్యలో ఎదురుచూపును నిలబెట్టడం ఎలా?

(సినిమా రాసేవాళ్ల చర్చావేదికలో ఒక ప్రశ్న, దానికి వచ్చిన జవాబులు. ప్రతి భాగం పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

నేపథ్యం (ప్రశ్న)

స్క్రిప్ట్ 108 పేజీలు. కాలం మొదటి ప్రపంచయుద్ధం, 1915 ఫిబ్రవరి చివరి వారం నుంచి మార్చి 10 ఉదయం వరకు. స్థలం ఉత్తర ఫ్రాన్సులో న్యూవ్ షాపెల్ ఊరికి ఎదురుగా ఉన్న మన వైపు (బ్రిటిష్ భారత సైన్యం) ముందు వరుస. మనుషులు 39వ గఢ్వాల్ రైఫిల్స్‌లో ఒక చిన్న జట్టు: ఒక హవల్దార్, ఒక నాయక్, నలుగురు రైఫిల్‌మన్లు, కొత్తగా వచ్చిన ఒక ఆంగ్ల లెఫ్టినెంట్. పాత్రలన్నీ కల్పితాలే. దాడి చివరి ఐదు పేజీల్లోనే వస్తుంది. అంతకుముందు ఎక్కడా ఎదురెదురు పోరు లేదు.

చదివిన నలుగురూ ఒకటే అన్నారు: 30వ పేజీ దాకా బాగుంది, 30 నుంచి 75 దాకా కథ కదలట్లేదు. నిర్మాణం వైపు నుంచి "మధ్యలో ఒక రాత్రి దాడి పెట్టండి" అని సూచన వచ్చింది. అది పెడితే ఈ సినిమా తీయాల్సిన అవసరమే పోతుందని నా అభిప్రాయం. దాడి పెట్టకుండా ఆ 45 పేజీలను బిగించే దారి కావాలి. ఆ కాలానికి నప్పని వస్తువులు, అలవాట్లు ఏవైనా సాధారణంగా దొర్లుతుంటే అవి కూడా చెప్పండి.

---

రాతబల్ల

రాత్రి దాడి వద్దనుకోవడం సరైన నిర్ణయం. దాడి వస్తే మూడు పేజీలు ఊపిరి ఆడుతుంది. ఆ తర్వాత ప్రేక్షకుడు ఇంకో దాడి ఎప్పుడా అని చూస్తాడు, మీ మనుషుల ముఖాలు చూడడం మానేస్తాడు.

ముందు ఒక పని చేయండి. కాగితం మీద ఏడుగురి పేర్లు రాసి, ఒక్కొక్కరి ఎదుట "ఇతను దేనికోసం చూస్తున్నాడు?" అన్నదానికి జవాబు రాయండి. అందరికీ "దాడి కోసం" అని వస్తే జబ్బు అక్కడే ఉంది. ఏడుగురూ ఒకే దానికోసం చూస్తుంటే తెర మీద ఉన్నది ఒక్క మనిషే. హవల్దార్ ఇంటి నుంచి రావలసిన భూమి తగాదా ఉత్తరం కోసం చూడొచ్చు. ఒక రైఫిల్‌మన్ ఇంగ్లండులోని బ్రైటన్ ఆసుపత్రిలో ఉన్న తమ్ముడి కబురు కోసం చూడొచ్చు. ఇంకొకడు తన కాలివేళ్లు చలికి ఎప్పుడు నల్లబడతాయా, ఎప్పుడు తనను వెనక్కి పంపుతారా అని చూడొచ్చు. నాయక్ కేవలం హవల్దార్ తప్పు చేసే క్షణం కోసం చూడొచ్చు.

ఇక ముఖ్యమైనది: ఈ ఎదురుచూపులు దాడికి ముందే, వేర్వేరు పేజీల్లో తీరిపోవాలి. ఒకటి 38లో, ఒకటి 47లో, ఇంకొకటి 60 దగ్గర. తీరిన ప్రతిసారీ ఆ దెబ్బ పక్కవాడి మీద పడాలి. తమ్ముడు పోయాడన్న కబురు వచ్చినవాడు ఆ రాత్రి కాపలాలో ఉండాలి, అతని పక్కన కాలివేళ్ల వాడు ఉండాలి. కథ ముందుకు నడిచేది అక్కడే. తుపాకీ పేలనక్కర్లేదు.

రెండోది, తేదీ. మార్చి 10న ఏం జరగబోతుందో ప్రేక్షకుడికి మొదటి పేజీలోనే తెలియాలి, జట్టుకు తెలియకూడదు. వాళ్లు గుర్తులను బట్టి ఊహించుకుంటారు. ప్రేక్షకుడికి తేదీ తెలిస్తే, ఇద్దరు కూర్చుని సాక్సులు పిండుకుంటున్నా చూస్తాడు. తెలియకపోతే అదే సీను సాక్సుల సీనుగానే మిగిలిపోతుంది.

మూడోది, దినచర్య. తెల్లవారుజాము కాపలాను మొదటిసారి మూడు పేజీలు పూర్తిగా చూపించండి: ఎవరు ఎక్కడ నిలబడతారు, ఎవరు ముందు దగ్గుతారు, ఎవరు ఎవరికి చోటిస్తారు. రెండోసారి ఒక పేజీ చాలు. మూడోసారి పావు పేజీ, అదే కోణంలో, ఒక మనిషి తక్కువగా. మొదటిసారి పూర్తిగా చూపించకపోతే మూడోసారి ఆ ఖాళీ ఎవరికీ కనిపించదు. చాలామంది మొదటిదాన్నే కత్తిరించి పారేస్తారు, తర్వాత మూడోది ఎందుకు పనిచేయలేదని తల పట్టుకుంటారు.

---

పాత దస్తావేజు

కాలానికి నప్పని వాటితో మొదలుపెడతాను, ఎందుకంటే ఈ కథలో అవి పాత్రల్ని కూడా మార్చేస్తాయి.

ఉక్కు శిరస్త్రాణాలు 1915 మార్చిలో లేవు. గ్యాస్ ముసుగులూ ఉండకూడదు, పశ్చిమ రంగంలో క్లోరిన్ వదిలింది ఏప్రిల్ 22న. చేత్తో విసిరే మిల్స్ బాంబు ఇంకా రాలేదు. జామ్ డబ్బాల్లో పేలుడు మందు, ఇనుప ముక్కలు కూరి వత్తి పెట్టి విసిరేవాళ్లు. వత్తిని చేత్తో ముట్టించాలి, తడిస్తే అంటుకోదు, పొట్టిదైతే చేతిలోనే పేలుతుంది. ఇద్దరు కూర్చుని ఆ డబ్బాలు తయారుచేసే సీనులో మీకు కావలసిన ఉద్రిక్తత అంతా ఉంది, శత్రువు అక్కర్లేదు. లూయిస్ గన్నులు (తేలికపాటి మెషిన్ గన్నులు) చూపించకండి, అప్పటికి బెటాలియన్‌లో ఉన్నవి కొద్దిపాటి బరువైన మెషిన్ గన్నులే.

లోతైన కందకం కూడా తప్పే. అక్కడి నేల పల్లం, కొద్దిగా తవ్వితే నీళ్లు ఊరతాయి. అందుకే ఇసుక బస్తాలు, మట్టితో నేలకు పైన గోడ కట్టుకున్నారు. గోడ పలచగా ఉంటే తూటా దూసుకొస్తుంది, పొట్టిగా ఉంటే మనిషి పగలంతా నడుం వంచుకునే తిరగాలి. ఆ నడక పాత్రల ఒంట్లోకి రావాలి. నిటారుగా నడిచే నటుడు ఒక్కడు కనిపించినా సెట్ అంతా అబద్ధమైపోతుంది.

పగలు, రాత్రి తారుమారు. పగలు కొందరు కాపలా, మిగిలినవాళ్లు నిద్ర, తుపాకీ శుభ్రం, పేలు ఏరుకోవడం. పనంతా రాత్రే: గోడ బాగుచేయడం, ముళ్లతీగ కట్టడం, తిండీ నీళ్లూ మోయడం. తెల్లారేముందు, చీకటిపడేముందు అందరూ ఆయుధాలతో గోడ దగ్గర నిలబడతారు. కాబట్టి ఎదురుచూపు సీన్లు పగటివి, పని సీన్లు రాత్రివి. చాలా స్క్రిప్టుల్లో రాత్రి చలిమంట చుట్టూ కబుర్లు ఉంటాయి. ముందు వరుసలో మంట అంటే శత్రువును పిలిచినట్టే. రొట్టెలు వెనక కాల్చి చీకట్లో మోసుకొచ్చేవాళ్లు. ఆటా, పప్పు, నెయ్యి, బెల్లం భారత దళాల రేషన్‌లో ఉండేవి. రొట్టె చేతికి వచ్చేసరికి చల్లబడి గట్టిపడి ఉంటుంది.

మీ జట్టులో ఒక పెద్ద లోటు ఉంది: సుబేదార్ గానీ జమాదార్ గానీ (భారతీయ అధికారుల హోదాలు) లేరు. భారత బెటాలియన్‌లో ఆంగ్ల అధికారులు పన్నెండు, పదముగ్గురే ఉండేవాళ్లు. ప్లటూన్లను నడిపేది భారతీయ అధికారులు. ఇరవై ఏళ్ల సర్వీసున్న సుబేదార్ కూడా నిన్న వచ్చిన లెఫ్టినెంట్ కంటే కింది హోదాలోనే ఉంటాడు. తొలి నెలల్లో భాష తెలిసిన పాత ఆంగ్ల అధికారులు చాలామంది చనిపోయారు, వాళ్ల స్థానంలో వచ్చినవాళ్లలో సైనికుల భాష రానివాళ్లు ఉన్నారు. మీ లెఫ్టినెంట్‌కు హిందుస్తానీ రాదనుకోండి, ఆజ్ఞ సుబేదార్ నోటి గుండా వెళ్లాలి. ఏది ఎంతవరకు చెప్పాలో సుబేదార్ నిర్ణయిస్తాడు. ఆ ఒక్క పాత్రతో మీ మధ్య 45 పేజీల్లో సగం బిగుసుకుంటుంది.

ఉత్తరాలను బాగా వాడుకోండి. రాయడం రానివాళ్లు చదువుకున్న తోటివాడి చేత రాయించుకునేవాళ్లు, అంటే ఇంటి సంగతులు ముందు అతనికి తెలుస్తాయి. తర్వాత సెన్సారు. భారత సైనికుల ఉత్తరాలకు ఫ్రాన్సులోనే ప్రత్యేక సెన్సారు కార్యాలయం ఉండేది. ఆ విషయం సైనికులకూ తెలుసు, అందుకే సంకేతాలు పుట్టాయి. నల్ల మిరియాలు అంటే మనవాళ్లు, ఎర్ర మిరప అంటే తెల్ల సైనికులు. నల్ల మిరియాలు అయిపోవస్తున్నాయని ఇంటికి రాసిన ఉత్తరాలు సెన్సారు సారాంశాల్లో ఉన్నాయి. ఆ సారాంశాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో, ఇండియా ఆఫీస్ రికార్డుల్లో చదవొచ్చు. యుద్ధ డైరీలు లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూ.ఓ. 95 వరుసలో ఉంటాయి. ఫోటోల విషయంలో జాగ్రత్త. భారత దళాలవిగా ఎక్కువగా తిరిగే, గిర్డ్‌వుడ్ అనే ఫోటోగ్రాఫర్ ఫోటోలు 1915 వేసవిలో తీసినవి, కొన్ని ప్రత్యేకంగా నిలబెట్టి తీసినవి. మార్చి నెల బట్టలకు, బురదకు వాటిని ఆధారం చేసుకోకండి.

కాలివేళ్ల వాడికి ఇంకో పొర ఉంది. ఆ శీతకాలంలో చేతి గాయాలతో వెనక్కి వచ్చిన భారత సైనికులు కావాలనే కాల్చుకున్నారేమో అని పైవాళ్లకు అనుమానం ఉండేది. బ్రైటన్‌లో సైనిక వైద్యుడు కర్నల్ సీటన్ వెయ్యి గాయాలను పరిశీలించి, ఆ అనుమానానికి ఆధారం కనబడలేదని తేల్చాడు. అది తర్వాతి మాట. మీ కథాకాలంలో నిజంగా ఎడమచేతికి తూటా తగిలినవాడు కూడా తోటివాళ్ల కళ్లలోకి చూడలేని పరిస్థితి.

దాడి రాబోతోందని జట్టు ఊహించే గుర్తులు, దాదాపు ఈ వరుసలో: వెనక కొత్త మట్టిగోడలు లేస్తాయి, అక్కడ ఎవరూ ఉండరు. కొత్త ఫిరంగులు ఒక్కో గుండు పేల్చి ఆగిపోతాయి, గురి సరిచూసుకోవడం అది. విమానాలు తీసిన ఫోటోలతో గీసిన పటాలు అధికారుల చేతుల్లోకి వస్తాయి. వాగుల మీద వేసే పలకలు, గోడ ఎక్కే మెట్లు చేరతాయి. స్ట్రెచర్ మోసేవాళ్లు ఎక్కువవుతారు. ఆఖరిది, మన ముళ్లతీగలో మనమే దారులు తెరుస్తాం. ఒక్కో గుర్తును ఒక్కో పాత్ర ముందు కనిపెట్టాలి. కనిపెట్టి చెప్పకుండా దాచుకున్నవాడెవరో కూడా చూడండి.

ఏ బెటాలియనో తేల్చారా? 2వ బెటాలియన్ అయితే మార్చి 10న మరణానంతరం విక్టోరియా క్రాస్ శౌర్య పతకం పొందిన గబ్బర్ సింగ్ నేగీ ఆ బెటాలియన్‌వాడే. చూసేవాళ్లు అతని కోసం వెతుకుతారు, మీ కల్పిత పాత్రలు నీడలో పడతాయి. 1వ బెటాలియన్ దాడిలో కుడికి జరిగిపోయి, ఫిరంగి దెబ్బ తగలని భాగం మీద పడి ఘోరంగా నష్టపోయింది. నా ఓటు దానికే.

---

నేపథ్యం

సుబేదార్‌ను ఎందుకు పెట్టలేదా అని ఇప్పుడు అనిపిస్తోంది, అతను వస్తున్నాడు. 1వ బెటాలియనే ఖాయం.

ఇంకో రెండు అడగాలి. మార్చి 10 ఉదయం 7:30కి మన ఫిరంగులు మొదలై 8:05కి కాల్బలం కదిలింది. ఆ 35 నిమిషాలను తెర మీద కూడా 35 నిమిషాలే నడపాలన్న కోరిక ఉంది. సాధ్యమా? రెండు, 8:05కి ఫిరంగులు ఒక్కసారిగా ఆగి, నిశ్శబ్దంలో వాళ్లు గోడ ఎక్కినట్టు రాశాను. శబ్దం తెలిసినవాళ్లు చెప్పండి.

---

కత్తెర

35 నిమిషాలకు 35 నిమిషాలు వద్దు. గడియారం ప్రకారం నిజమే అవుతుంది గానీ చూసేవాడి లోపల నిజం కాదు. నాలుగో నిమిషానికి చెవి, కన్ను రెండూ ఆ మోతకు అలవాటుపడతాయి. తర్వాత 31 నిమిషాలు అతను తెర బయటి నుంచి చూస్తాడు.

నిజకాలం వాడాల్సిన చోటు దానికి ముందు ఉంది. మార్చి 10న అక్కడ తెల్లారేది 6 దాటాక. దళాలు చీకట్లోనే వచ్చి సర్దుకున్నాయి. అంటే వెలుగు వచ్చాక గంటకు పైగా, ఇరుకులో, తల ఎత్తకుండా, మాట్లాడకుండా, తడిసిన బట్టల్లో కూర్చోవాలి. ఏ జర్మన్ కాపలావాడైనా గమనిస్తే అంతా అక్కడే ముగుస్తుంది. సినిమా మొత్తంలో అసలు ఎదురుచూపు ఇదే. ఇక్కడ పది, పన్నెండు నిమిషాలు షాట్ల మార్పులు తక్కువగా, ఒకే చోట నడపండి. ఒక దగ్గు, ఒక జారిపడ్డ డబ్బా, ఒకడి కాలు తిమ్మిరెక్కడం చాలు. 7:30 నుంచి 8:05 వరకు ఏడెనిమిది నిమిషాలకు కుదించండి. గడియారాన్ని రెండుసార్లకు మించి చూపించకండి. మొదటిసారి 7:30కి, రెండోసారి ఎనిమిదికి కాస్త ముందు. మధ్యలో ఎంత గడిచిందో తెలియకపోవడమే మేలు.

కాలం గడిచిందని చెప్పడానికి మాంటేజ్ వాడకండి. ముక్కలు ముక్కలుగా సంగీతం మీద పేర్చిన మాంటేజ్ ఎదురుచూపును వేగంగా దాటించేస్తుంది. రాతబల్ల గారు చెప్పిన మూడుసార్ల దినచర్యే ఆ పని చేస్తుంది.

ఎడిటింగ్ బల్ల మీద ఈ రకం సినిమాలు పాడయ్యే పద్ధతి ఒకటుంది. మొదటి కట్ పొడవుగా వస్తుంది, భయపడి ప్రతి షాట్ తోకనూ కోసేస్తారు. అప్పుడు ముఖంలో ఆలోచన మొదలవుతుండగానే షాట్ అయిపోతుంది. నిడివి తగ్గినా సాగినట్టే ఉంటుంది. కోయాలంటే సీన్లకు సీన్లు తీసేయండి, మిగిలిన సీన్లలో షాట్లను పూర్తిగా ఊపిరి తీసుకోనివ్వండి. 45 పేజీల్లోంచి ఎనిమిది పేజీలు పోయినా నష్టం లేదు.

వీలైతే కథ వరుసలోనే షూటింగ్ చేయండి. దాస్ బూట్ అనే జర్మన్ జలాంతర్గామి సినిమాను అలాగే తీశారు, గడ్డాలు పెరగడం, ముఖాలు పాలిపోవడం నిజంగా కనిపించాలని. కుదరకపోతే బురదకు, గడ్డానికి, పెదాల పగుళ్లకు కలిపి నాలుగు దశలుగా ఒక పట్టిక వేసి, ప్రతి సీను పక్కన దశ నంబరు రాయించండి. లేదంటే 52వ పేజీలో శుభ్రంగా ఉన్న మోచేయి 50వ పేజీ బురదను వెక్కిరిస్తుంది.

---

రాతబల్ల

కుదింపు విషయంలో సగమే ఒప్పుకుంటాను. ఏడెనిమిది నిమిషాలు తక్కువ. ఆ మోతలో మాట వినబడదు కాబట్టి, అప్పటిదాకా సుబేదార్ నోటి మీద ఆధారపడ్డ లెఫ్టినెంట్ మొదటిసారి సైగలతో నేరుగా జట్టుతో మాట్లాడాల్సి వస్తుంది. వాళ్లకు అర్థమవుతుందా, సుబేదార్ చూసి ఏం చేస్తాడు? దీనికి చోటు కావాలి. 12 నిమిషాలు ఇవ్వండి, ఒక్క డైలాగ్ కూడా రాయకుండా.

---

బూమ్ మైకు

కెమెరా సంగతి ఒక్క మాటలో: 8:05 దాకా లెన్స్ గోడపై అంచు దాటి పైకి వెళ్లకూడదు. అవతలి వైపు చూడాలంటే పెరిస్కోప్‌లోనే. 45 డిగ్రీల కోణంలో రెండు అద్దాలుంటే బొమ్మ తలకిందులు కాదు, చిన్న చతురస్రంలో నిటారుగానే కనిపిస్తుంది. చాలామంది దాన్ని గుండ్రటి చట్రంలో, దుర్భిణిలా చూపిస్తారు. బోఫోర్ అనే 2007 ఇజ్రాయెలీ సినిమాలో శత్రువు ఒక్కసారి కూడా తెర మీదికి రాడు, అయినా కోటలో ఉన్నవాళ్లు ఎప్పుడు తల ఎత్తినా మనకు భయం వేస్తుంది.

ఇక శబ్దం. దూరపు ఫిరంగి వెలుగు ముందు, మోత తర్వాత. చలిలో ధ్వని సెకనుకు సుమారు 330 మీటర్లు వెళ్తుంది, అంటే కిలోమీటరుకు మూడు సెకన్లు. నాలుగు కిలోమీటర్ల అవతల మెరుపు మెరిస్తే 12 సెకన్ల తర్వాత వినబడాలి. ఈ 12 సెకన్లలో ఒక పాత్ర మాట్లాడుతూ ఆగిపోవచ్చు. మెరుపునూ మోతనూ ఒకే ఫ్రేములో అతికిస్తే ఆ అవకాశం పోతుంది.

నిశ్శబ్దాన్ని సున్నా చేయకండి. సౌండ్ పూర్తిగా తీసేస్తే స్పీకర్ పాడైందనుకుంటారు. ప్రతి లొకేషన్‌లో పగలు, రాత్రి వేరువేరుగా కనీసం రెండు నిమిషాల ఖాళీ శబ్దం రికార్డ్ చేయించండి, యూనిట్ అంతా కదలకుండా, జనరేటర్ ఆపి. నీళ్ల బొట్లు, తడి బూటు పీకడం, దూరంగా ఒంటరి తూటా. ఆ పొర మీద ఏదైనా ఒకటి ఆగిపోతే భయం పుడుతుంది. రోజూ వినిపించే జర్మన్ సుత్తి చప్పుడు ఒక సాయంత్రం వినబడకపోవడం, పేలుడు కంటే గట్టిగా పనిచేస్తుంది. దానికి ముందు నాలుగు సీన్లలో ఆ చప్పుడు వినిపించి ఉండాలి.

బాంబుల మోత తక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది. 80 హెర్ట్జ్ కిందిది థియేటర్లో గుండెకు తగులుతుంది, టీవీలో, ఫోన్‌లో మాయమవుతుంది. అందుకని దాన్ని కంటికి కూడా కనిపించనివ్వండి: గుంటలో నీటి మీద వలయాలు, డబ్బా మూత వణకడం, బస్తాలోంచి మట్టి రాలడం. 7:30 మోతను మొదటి నిమిషం పూర్తి స్థాయిలో, తర్వాత చెవులు దిబ్బడేసినట్టు పై శ్రుతులు కోసి, ఒక్క మనిషి ఊపిరి మీదికి దిగండి. మళ్లీ చివరి నిమిషంలో తెరవండి. సంగీతం మొత్తం మానేయమనే చెబుతాను.

8:05కి నిశ్శబ్దం గురించి పాత దస్తావేజు గారు చెప్పాలి.

---

పాత దస్తావేజు

8:05కి ఫిరంగులు ఆగలేదు. గురి ముందు కందకం మీంచి లేచి, వెనకనున్న ఊరి మీదికి మారింది. ఊరి మీద ఇంకో అరగంట కొట్టారు. కాల్బలం గోడ ఎక్కింది ఆ మోతలోనే. నిశ్శబ్దం పెడితే చరిత్ర తెలిసినవాడు అక్కడే కథ వదిలేస్తాడు.

కానీ మీకు కావలసిన మార్పు అందులోనే ఉంది. మోత ఎదురుగా ఉన్నది కాస్తా దూరం జరుగుతుంది. దగ్గరి పేలుళ్ల పగులు పోయి, దూరపు ఉరుము మిగులుతుంది. తలపై నుంచి వెళ్లే గుళ్ల ఈల మాత్రం అలాగే ఉంటుంది. అనుభవమున్న హవల్దార్‌కు ఆ తేడా, అధికారి కదలమని ఊదే ఈలకంటే ముందే తెలుస్తుంది, కొత్తవాడికి తెలియదు. హవల్దార్ ముఖం మీద షాట్ పెట్టి ఆ జరుగుడు వినిపించండి.

కుడివైపు ఇంకోటి వినిపించాలి. 1వ బెటాలియన్ వెళ్లి తగిలిన భాగం మీద గుళ్లు పడలేదు. కాబట్టి అప్పటిదాకా ఆ 12 నిమిషాల్లో కుడి స్పీకర్లలో మోత పలచగా ఉండాలి. జట్టులో ఎవరో ఒకరు అటు తల తిప్పి చూడాలి, ఆ మోతలో ఎవరికీ చెప్పలేకపోవాలి.

---

నేపథ్యం

తల తిప్పేది కాలివేళ్ల వాడు. వెనక్కి వెళ్లే అవకాశం వచ్చినా 66వ పేజీలో వదులుకున్నవాడు అతనే. 30 నుంచి 75 మధ్య ఎనిమిది పేజీలు తీసేసి, సుబేదార్‌తో ఆరు పేజీలు కలుపుతున్నాను. జామ్ డబ్బాల సీను 41కి వెళ్తుంది, సుత్తి చప్పుడు 34 నుంచి మొదలవుతుంది. కొత్త ప్రతి తయారయ్యాక మధ్య భాగాన్ని ఇక్కడే పెడతాను.